మిగిలిన షీటు ముక్కలు

మా ఇంట జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది. మా చిన్నవాడు సెలవులన్నీ కూర్చుని ప్లాస్టిక్ షీటుతో రైలు పెట్టె చేశాడు. అసలు పెట్టెలో 87వ వంతు, కిటికీ చువ్వలతో సహా. రంగు మేము వేస్తామని మాట ఇచ్చాము.

బండ్లకు కొట్టే నీలం స్ప్రే డబ్బా తెచ్చి, ముందు ఎక్కడా కొట్టి చూడకుండానే దట్టంగా కొట్టేశాము. అందులోని థిన్నరు ఇనుమును ఏమీ చేయదు గాని పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చూస్తుండగానే ఒక పక్కంతా ముడతలు పడింది. వాడు ఏడవలేదు. "పర్లేదు నాన్నా" అన్నాడు. ఏడ్చినా బాగుండేది.

వాడు రెండో పెట్టె మొదలుపెట్టాడు. మేము వాడు కోసి పారేసిన షీటు ముక్కలు ఏరుకున్నాము. డబ్బా రెండు నిమిషాలు కదిపి, జానెడు దూరం నుంచి పలుచగా కొట్టి, ఆరాక మరో పూత. ప్రతి ముక్క వెనుక ఏ రంగో, ఏ రోజో రాసిపెట్టాము. ముసురు పట్టిన రోజు కొట్టిన లాకర్ క్లియర్ కోటు తేమకు పాలలా తెల్లబడింది. గరుకు పూత మీద అంటించిన అక్షరాల స్టిక్కర్ కింద గాలి చిక్కుకొని మెరిసింది. అందుకే ముందు నిగనిగలాడే పూత, అక్షరాలు అంటించాక దానిమీద మ్యాట్ పూత.

ఇప్పటికి పదకొండు ముక్కలయ్యాయి, కిటికీలో వరుసగా పెట్టాము. వాడు వచ్చి చూసి వెళ్తాడు. పెట్టె పూర్తయి వారమైంది. ఇంకా మా చేతికి ఇవ్వలేదు.