యంత్రకవచము – రుధిరమణి

బలమును గూర్చిన కథలయందు మనవారికి తొల్లినుండియు మక్కువ మెండు. కర్ణుడు కవచముతోనే పుట్టెను. నేటి చలనచిత్రకారు లా కవచమును ప్రయోగశాలలో పోతపోయుచున్నారు. 2020లో హాలీవుడ్డునుండి వెలువడిన ‘బ్లడ్‌షాట్’ అను చిత్రమున, మరణించిన సైనికు నొకనిని ఒక సంస్థవారు బ్రతికించి, వాని నెత్తుటిలో కంటి కానని యంత్రములను నింపుదురు. గుండు తగిలిన గాయము క్షణములో పూడిపోవును. అంతవరకు పిల్లలకు వేడుకయే. కాని ఆ సంస్థవారు వాని జ్ఞాపకములనుగూడ దిద్దుదురు. నీ భార్యను చంపినవా డితడేయని యొక ముఖమును తలకెక్కించి, వానిని చంపించి, పిమ్మట మఱియొక ముఖమును నిలుపుదురు. సైనికుని భుజబలము పెరిగినది. శత్రు వెవ్వడో తాను తేల్చుకొను స్వాతంత్ర్యము పోయినది. సైన్యమునకు బిడ్డల నంపిన కుటుంబములు మా అర్ధవీటి చుట్టుపట్లను, కంభము గిద్దలూరుల వైపునను గలవు. ఆ యిండ్లవారి కీ చిత్రము వట్టి వినోదముగా తోచునని మేము తలంపము.

తెలుగున నిందుకు దాపుగా వచ్చినది, 2024 జనవరి 12న విడుదలయైన ప్రశాంత్ వర్మగారి ‘హను-మాన్’. అందు యంత్రకవచము దొడుగువాడు ప్రతినాయకుడగు మైఖేల్. లోకరక్షకుడు కావలెనని చిన్ననాటనే వానికి పిచ్చి. అట్టి వీరులకు తల్లిదండ్రు లుండరని గ్రహించి, కన్నవారినే కడతేర్చును. పెద్దవాడై, శాస్త్రజ్ఞుడగు మిత్రునిచేత కవచములు చేయించుకొనును. నాయకుడగు హనుమంతునకు మాత్రము ఏ శ్రమయు లేదు. చిల్లర దొంగతనములు చేసికొను ఆ కుఱ్ఱవానికి నీటిలో మణి దొరకును. శాస్త్రమును దుర్మార్గునికిని, అదృష్టమును సజ్జనునికిని పంచిపెట్టుట మన చిత్రముల కలవాటైపోయినది. పాఠశాలలో శాస్త్రము చెప్పువారి కిది కొంత కష్టముగనే యుండును.

అయినను మా మనసు నాకట్టినది ఆ మణి గాదు, కవచమును గాదు. అంజనాద్రియను ఆ కల్పిత గ్రామమున గజపతియను పాళెగాడు గలడు. దొంగలనుండి ఊరిని కాచుచున్నానని పన్ను పిండుకొనును. ఎదిరించినవానిని గోదాలో కూల్చును. వైద్యము చదివి వచ్చిన మీనాక్షి యొక్కతెయే వానిని జనుల యెదుట నిలదీయును. ఆ నిలదీయుటవలననే ఆమె ప్రాణములమీదికి వచ్చును. ఆమెను కాపాడబోయియే హనుమంతుడు నీట పడి మణిని పొందును. అటుపిమ్మట గజపతిని కుస్తీలో పడగొట్టుటతో ఊరి సమస్య తీరినట్లే కథ సాగును. మీనాక్షి యడిగిన మాట యేమైనదో చూపరులకే మఱపు కలుగును. పైగా ఆ మణి సూర్యుడున్నంతసేపే పనిచేయునట! పొద్దు గ్రుంకిన పిమ్మట ఊరికి దిక్కెవ్వరు?

ఈ సంగతి మేము తరగతిలో ప్రస్తావింపగా, వెనుక బల్లపైనుండి యొక బాలుడు లేచి, “మణి దొరక్కపోతే ఆ గజపతిని ఎవరాపుతారు సార్?” అనెను. ఆ ప్రశ్నకు మా సీమ చరిత్రలోనే సమాధాన మొకటి కలదు. అది సంతోషకరమైనది మాత్రము కాదు. మా కంభము ప్రాంతము 1800లో నిజామువారు కుంఫిణీవారికి ధారపోసిన దత్తమండలములలోనిది. కావలిరుసుముల పేర పల్లెలను పీల్చిన పాళెగాండ్ర నణచినవాడు, 1807వఱకు అచ్చట కలెక్టరుగా నుండిన థామస్ మన్రో. పాళెగానికంటె పెద్ద బలము వచ్చి పాళెగానిని పడగొట్టినది. రైతునకు కట్టవలసిన పన్ను తప్పలేదు. మీకెవ్వరు కావలెనని వాని నడిగినవారును లేరు. ఆ యడుగుట 1952 ఎన్నికలనాటికి గాని, కులము, చదువు, స్త్రీపురుష భేదము నెంచక జరుగలేదు.

పాళెగాడు, యంత్రకవచధారి, మణిధారి, మువ్వురును ఊరిని కాతుమనియే చెప్పుదురు. మువ్వురిలో హనుమంతుడు మంచివాడు గనుక అంజనాద్రి బ్రతికినది. వాడు రేపు చెడినచో వాని మెడలోని మణిని తీసికొనుటకు ఆ ఊరివారి చేతిలో నుపాయ మేదియు లేదు. ఇది మేము చెప్పగా ఆ బాలుడు, “మరి మీనాక్షి ఉందిగా సార్” అని కూర్చుండెను.

ఈ కథకు ‘జై హనుమాన్’ అను రెండవభాగమును చిత్రాంతముననే ప్రకటించిరి. అందు ఆమె కెంత చోటిత్తురో చూడవలెనని మాకును, ఆ తరగతివారికిని కుతూహలముగా నున్నది.