చూపు సిరిమానుపై... చెయ్యి చిన్నారిపై!

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఇసుక వేస్తే రాలదు. అదే పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం! పొడవాటి చింతమాను చివరన పూజారి కూర్చుంటారు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగింపు సాగుతుంది. సిరిమాను కదిలొస్తుంటే జనం అరటిపండ్లు విసురుతారు, రెండు చేతులూ ఎత్తి మొక్కుతారు. చిక్కంతా అక్కడే! పెద్దల చేతులు పైకి లేచిన ఆ క్షణంలోనే పిల్లల చిటికెనవేలు జారిపోతుంది.

కాసేపటికి మైకులో పిలుపు... 'ఎర్రగౌను పాప. పేరు బుజ్జి అంటోంది. అమ్మ పేరు అడిగితే అమ్మ అనే చెబుతోంది'. ఆ జనంలో ఎందరు బుజ్జిలు, ఎందరు అమ్మలు!

అందుకే పాఠం ఇంట్లోనే మొదలవ్వాలి. ముద్దుపేరుతోపాటు అసలు పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఒక ఫోన్ నంబరు పాటలా నేర్పించాలి. మాటలు సరిగా రాని పిల్లలైతే నంబరు రాసిన చీటీ జేబులో పెట్టాలి. పేరు మాత్రం బయటికి కనిపించకూడదు. పేరుపెట్టి పిలిస్తే పిల్లలు ఎవరినైనా నమ్మేస్తారు మరి! బయల్దేరేటప్పుడు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంటే ఆరోజు వేసిన బట్టలేవో వెదికేవారికి చూపించొచ్చు.

తప్పిపోతే పరుగులు పెట్టొద్దని పిల్లలకు చెప్పాలి. తోపులాట లేకపోతే అక్కడే ఆగి గట్టిగా పిలవాలి. ఉంటే పక్కనున్న కొట్టు గుమ్మంలోకి వెళ్లాలి. పోలీసులకో, కొట్టువాళ్లకో, పిల్లల్ని ఎత్తుకున్న తల్లికో చెప్పాలి. 'మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా' అన్నా ఎవరి వెంటా కదలకూడదు.

పెద్దల్లో ఒకరు పిల్లలు తప్పిన చోటే ఉండాలి. మరొకరు వెంటనే పోలీసులకు చెప్పాలి. రథసప్తమికి అరసవల్లి వెళ్లినా ఇదే సూత్రం. శివరాత్రికి శ్రీముఖలింగంలో అయితే వంశధార ఒడ్డునే ముందు వెదకాలి.

దారితప్పిన పిల్లలు మీకు కనిపిస్తే? జాలిపడి ఇంటికి తీసుకెళ్లొద్దు. అక్కడే ఉంచి 1098కిగానీ 112కిగానీ ఫోన్ చేయాలి. అయినవాళ్లు దొరక్కపోతే 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలన్నది 2015 నాటి బాలల న్యాయచట్టం మాట.

అమ్మవారికి మొక్కడానికి ఒక చెయ్యి చాలు. రెండోది పిల్లలది!