మార్జిన్ ఎవరు కడతారు?

హైదరాబాద్ బజారు భాషలో వాయిదా వ్యాపారాన్ని ‘సట్టా’ అంటారు. చదువుకున్నవాళ్ళు ‘ఫ్యూచర్స్’ అంటారు. అందులో ఒకరు ధర మీద పందెం కాస్తారు. మరొకరు ధర పడిపోతుందన్న తమ భయాన్ని ఆ పందెగాడికి అప్పగిస్తారు. ఈ రెండో పనికి హెడ్జింగ్ అని పేరు. పుస్తకాల్లో ఈ తేడా స్పష్టంగానే ఉంటుంది. అందులో ఆడవాళ్ళు ఎక్కడున్నారో మాత్రం మా ఆర్మూరు చిన్నమ్మను చూశాకే వెతకడం మొదలుపెట్టాను.

2023 జూన్‌లో చిన్నాయన కోల్డ్ స్టోరేజీలో ఉన్న పసుపుకి రక్షణగా ఒక లాట్ ఫ్యూచర్స్ అమ్మాడు. లాట్ అంటే 5 టన్నులు, 50 క్వింటాళ్ళు. ధర పడితే ఇక్కడి లాభం అక్కడి నష్టాన్ని పూడ్చాలి. ధర పడలేదు, ఎగబాకింది. ఆగస్టులో క్వింటాలు 15 వేలు దాటింది. నిల్వ ఉన్న పసుపు విలువా పెరిగింది. కానీ ఏ రోజు తేడా ఆ రోజే నగదుగా కట్టాలి. క్వింటాలుకి 6 వేలు పెరిగితే లాట్‌కి 3 లక్షలు.

ఆ నగదు కోసం చిన్నమ్మ గాజులు, గొలుసు ఆబిడ్స్‌లో తాకట్టుకు వెళ్ళాయి. ఆ రోజు నాంపల్లిలో మా ఇంట్లోనే దిగింది. తిరిగొస్తూ అడిగింది: “పసుపు ఉడకబెట్టింది నేను, ఎండబోసింది నేను. దాని ధర పెరిగితే నా గాజులెందుకు పోవాలె బిడ్డా?”

నా దగ్గర అర్థశాస్త్రం జవాబుంది. అది ఆమెకి పనికొచ్చేది కాదు.

తర్వాత పసుపు మంచి ధరకే అమ్ముడైంది. నష్టం పూడింది. కాగితం మీద హెడ్జింగ్ సఫలం. వచ్చిన డబ్బు ఎరువుల దుకాణానికి, వడ్డీ వ్యాపారికి పోయింది. వాళ్ళకి గడువుంది, వడ్డీ ఉంది. చిన్నమ్మ ఇచ్చినదానికి అవేవీ లేవు. అందుకే ఆమె వంతు రానేలేదు.

2007లో కంది, మినుము, గోధుమ, బియ్యం ఫ్యూచర్స్‌ని ఆపారు. 2021 డిసెంబరులో సెబీ వరి, శనగ, సోయా సహా 7 సరుకులవి ఆపింది. రెండుసార్లూ చర్చ ఒకటే: సట్టా ధరలు పెంచుతుందా? అభిజిత్ సేన్ కమిటీ 2008లో దాన్ని గట్టిగా తేల్చలేకపోయింది. అది అవసరమైన చర్చే. కానీ ధరల ఒడుదుడుకులు తట్టుకోవడానికి లోతైన జేబు కావాలి. చిన్నరైతు ఇంట్లో ఆ జేబు భార్య బంగారమే. పట్టా ఆమె పేర లేదు, ట్రేడింగ్ ఖాతా ఆమె పేర లేదు, నిర్ణయం ఆమెది కాదు. మార్జిన్ మాత్రం ఆమెది. ‘రైతు రిస్కు’ అని రాసే ప్రతిచోటా మనం ఆ పద్దు కూడా తెరవాలి.