ఫొటో కావాలా, మెడల్ కావాలా? డిస్నీ వరల్డ్‌లో 21 కిలోమీటర్లు

తెల్లవారుజామున 3 గంటలు. అమెరికాలోని ఓర్లాండోలో ఒక హోటల్ ముందు బస్సు కోసం పెద్ద క్యూ. ఒకాయన తలమీద మిక్కీ చెవులు. ఆయన వెనకాల తళతళలాడే స్కర్టు వేసుకున్న ఒకావిడ నిలబడే అరటిపండు తింటున్నారు. ఇంకో కుర్రాడు చలికి తట్టుకోలేక పాత స్వెటర్ మీద ప్లాస్టిక్ చెత్త సంచి తొడుక్కున్నాడు. వీళ్ళంతా పరిగెత్తడానికి వచ్చినవాళ్ళే. ఏటా జనవరిలో జరిగే వాల్ట్ డిస్నీ వరల్డ్ హాఫ్ మారథాన్ రోజు పొద్దున్న ఏ డిస్నీ హోటల్ ముందు చూసినా ఇదే సీన్. రేసు మొదలయ్యేది 5 గంటలకి. బస్సు ఎక్కాల్సింది మాత్రం ఇప్పుడే. రోడ్లు మూసేస్తారు, సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, దిగిన చోటి నుంచి స్టార్ట్ లైన్ దాకా నడకే బోలెడంత.

ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళకి ఇక్కడొక ఉచిత లాభం ఉంది. జనవరిలో ఓర్లాండో మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ తెల్లవారుజామున 3 అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రెండు మూడు రోజుల ముందు దిగినవాళ్ళకి ఎలాగూ ఆ టైముకి కళ్ళు విచ్చుకునే ఉంటాయి. అమెరికాలోనే ఉంటున్న మన పిల్లలు మాత్రం ముందురోజు సాయంత్రం 7 గంటలకే పడుకోవాలి. అందరూ అనుకుంటారు, ఎవరికీ నిద్ర పట్టదు.

ఈ పరుగు గురించి మనకి తెలిసిందంతా రీల్స్ పుణ్యమే. కోట ముందు చేతులు చాచి పరిగెత్తుతున్న పది సెకన్ల వీడియో చూసి మొత్తం దూరం అలాగే ఉంటుందనుకుంటాం. ఉండదు. డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, సుమారు 100 చదరపు కిలోమీటర్ల స్థలం. అందులో నాలుగు పార్కులు, హోటళ్ళు, చెరువులు, వాటిని కలిపే హైవేలు. హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లలో పార్కుల లోపల పరిగెత్తేది కొద్ది భాగమే. మిగతాదంతా తారురోడ్డు, ర్యాంపులు, పార్కింగ్ లాట్లు. చీకట్లో, వేల మంది కాళ్ళ చప్పుడు మధ్య. అందుకే దారి పొడుగునా డిస్నీ పాత్రల్ని నిలబెడతారు, స్పీకర్లలో పాటలు పెడతారు. ఖాళీ హైవేని భరించదగ్గ హైవేగా మార్చే ఏర్పాటు అది.

ఆ పాత్రల దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

ఈ రేసులో కనీస వేగం ఒకటి పెట్టారు: మైలుకి 16 నిమిషాలు. మన లెక్కలో కిలోమీటరుకి సుమారు 10 నిమిషాలు, అంటే గంటకి 6 కిలోమీటర్ల పైచిలుకు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద 6.1 పెట్టి ఒక గంట నడిచి చూడండి. మొదటి పావుగంట ‘ఓస్ ఇంతేనా’ అనిపిస్తుంది. నలభయ్యో నిమిషానికి ఫోన్ పక్కన పడేస్తారు. ఆ వేగంతో మొత్తం దూరానికి మూడున్నర గంటలు. అందరికంటే చివర బయల్దేరే కొందరు ఒంటికి బెలూన్లు కట్టుకుని సరిగ్గా ఆ 16 నిమిషాల వేగంతో వస్తుంటారు. రన్నర్లు వాళ్ళని ‘బెలూన్ లేడీస్’ అంటారు. వాళ్ళు మిమ్మల్ని దాటగానే ఆట అయిపోయినట్టు కాదు. కానీ వాళ్ళ కంటే బాగా వెనకబడితే, రూటు మీద కొన్నిచోట్ల ఆపి బస్సు ఎక్కిస్తారు. ఏసీ బస్సే, మంచి సీట్లే. ఆ బస్సు ఎక్కాలని మాత్రం ఎవరూ కోరుకోరు.

ఇప్పుడు ఫొటోల లెక్క చూద్దాం. ఒక పాత్ర పక్కన నిలబడి ఫొటో దిగాలంటే క్యూ ఉంటుంది. చిన్న పాత్రకి రెండు మూడు నిమిషాలు, అరుదుగా కనిపించే పాత్రకి పది నిమిషాలు దాటొచ్చు. మీరు కిలోమీటరుకి 9 నిమిషాల చొప్పున వెళ్తున్నారనుకోండి. మొత్తం మీద మిగిలేది సుమారు 20 నిమిషాలు. అందులో టాయిలెట్‌కి ఐదు తీసేయండి, నీళ్ళ దగ్గర ఆగినవి ఓ రెండు మూడు తీసేయండి. ఇంక రెండు ఫొటోలు, మహా అయితే మూడు. అంతే మీ బడ్జెట్. మొదటి మూడు కిలోమీటర్లలోనే ఉత్సాహం కొద్దీ రెండుచోట్ల ఆగితే, కోట దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు.

బడ్జెట్ పెంచుకునే దారి ఒకటుంది, దాని గురించి నెలల ముందే ఆలోచించాలి. వేలమందిని ఒకేసారి వదలరు. కారల్స్ అని గుంపులుగా విడగొట్టి, ఒకదాని వెనక ఒకటి పంపిస్తారు. ప్రతి గుంపుకీ విడిగా బాణసంచా కాలుస్తారు, వెనకవాళ్ళకి కూడా పండగ తక్కువ కాకుండా. మొదటి గుంపుకీ చివరి గుంపుకీ దాదాపు గంట తేడా ఉండొచ్చు. బెలూన్లవాళ్ళు కదిలేది చివరి గుంపు వెనకే కాబట్టి, మీరు ఎంత ముందు గుంపులో ఉంటే అంత టైము బోనస్. ఇంతకుముందు పరిగెత్తిన రేసు అధికారిక టైమింగ్ చూపిస్తే ముందు గుంపు దొరికే అవకాశం ఉంటుంది. అది లేనివాళ్ళని సాధారణంగా వెనక్కి వేస్తారు. అంటే నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి, మొదటిసారి వచ్చినవాళ్ళకే టైము తక్కువ, ఫొటోల మీద మోజు ఎక్కువ. న్యాయమా అంటే కాదనే అంటాను. అందుకే డిస్నీకి ముందు మీ ఊళ్ళో ఒక రేసు పూర్తిచేసి ఆ రిజల్ట్ లింక్ దాచుకోండి.

హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్ళకి రూటు భయం అక్కర్లేదు. ఫ్లోరిడా చదునైన నేల. ఇక్కడ ఎత్తు అంటే హైవే ర్యాంపు, అంతే. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియానికి చేరుకున్న కాళ్ళకి ఇదో లెక్క కాదు. కాకపోతే ఆ ర్యాంపులు వచ్చేది చివర్లో, ఒళ్ళు అలిసిపోయాక. వాతావరణం సంగతే చెప్పలేం. ఒక జనవరి విశాఖ బీచ్ రోడ్డులా చెమటలు పట్టిస్తుంది, ఇంకో జనవరి వణికిస్తుంది. 2010లో ఇదే రేసు రోజు మంచు ముక్కల వాన పడింది. చెత్త సంచి కుర్రాడిని చూసి నవ్వకండి. రెండు గంటలు ఆరుబయట నిలబడటానికి అంతకంటే చవకైన కోటు లేదు, వేడెక్కాక తీసి పారేయొచ్చు.

రూటు ఏడాదికీ ఏడాదికీ కొంచెం మారుతుంటుంది కానీ, మొత్తం మీద ఎప్‌కాట్ పార్కు దగ్గర మొదలై, మ్యాజిక్ కింగ్‌డమ్ దాకా వెళ్ళి, తిరిగి ఎప్‌కాట్‌కి రావడమే. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కాస్త ముందు రోడ్డు ఒక వంతెన కిందకి దిగుతుంది. అది మామూలు వంతెన కాదు. పైన నీళ్ళున్నాయి, ఆ నీళ్ళ మీద పడవలు వెళ్తాయి. చీకట్లో చాలామంది గమనించకుండానే దాటేస్తారు.

తర్వాత మెయిన్ స్ట్రీట్ యూఎస్ఏ. ఇక్కడికి వచ్చేసరికి ఎనిమిదో తొమ్మిదో కిలోమీటర్లు అయిపోయి ఉంటాయి. అప్పటిదాకా చీకటి హైవే మీద ఎవరి ఊపిరి వాళ్ళు వింటూ వచ్చారా, ఒక్కసారిగా రెండువైపులా జనం. అట్టముక్కల మీద పేర్లు రాసుకుని, గంటలు వాయిస్తూ, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా బిబ్ మీద పేరు చూసి పిలుస్తారు. మన పేరు పలకడం రాక ఏదో ఒకటి అరుస్తారు. అదీ బాగానే ఉంటుంది. మలుపు తిరగగానే ఎదురుగా సిండ్రెల్లా కోట. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 7 దాటాకే. కాబట్టి ముందు గుంపులవాళ్ళకి కోట చీకట్లో లైట్లతో కనిపిస్తుంది, చివరి గుంపులవాళ్ళకి తెల్లారే వెలుగులో కనిపిస్తుంది. వెనకబడ్డవాళ్ళకి దక్కే నష్టపరిహారం ఇది, నన్నడిగితే తక్కువేం కాదు. కోట లోపలి నుంచే దారి. వెనకవైపు నుంచి దూరి ముందుకి వస్తారు, కెమెరాలవాళ్ళు అక్కడ కాచుకుని ఉంటారు. ఒక్క ఫొటోకే టైముందంటే అది ఇక్కడే వాడండి. టాయిలెట్ అవసరమైతే కూడా పార్కు లోపలే చూసుకోండి. రోడ్డు పక్కన పెట్టే ప్లాస్టిక్ డబ్బాల కంటే ఇవి ఎంతో నయం.

కోట దాటాక అసలు పరీక్ష. హోటళ్ళ పక్కనుంచి వెళ్ళే రోడ్డు ఇరుకు, జనం ఒత్తుకుంటారు, ముందున్నవాళ్ళు నడుస్తుంటే మీరూ నడవాల్సిందే. ఆ తర్వాత మళ్ళీ అదే హైవే. చూడ్డానికి ఏమీ ఉండదు, ఎండ మెల్లగా మొదలవుతుంది, తిరుగు ప్రయాణం ఎప్పుడూ పొడుగే. చాలామంది సమయం పోగొట్టుకునేది ఇక్కడే. ముందు నుంచే పరుగు-నడక కలిపి వచ్చినవాళ్ళకి ఈ భాగం కాస్త తేలిక. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నిమిషం పరుగు, అర నిమిషం నడక, ఇలా అలసట రాకముందే నడకలోకి మారడం. మామూలు రేసుల్లో నడిస్తే కొందరు చిన్నచూపు చూస్తారేమో. ఇక్కడ చుట్టూ సగం మంది వాచీ బీప్‌మనగానే చెయ్యెత్తి నడకలోకి దిగుతుంటారు. అలా చెయ్యెత్తడం వెనకవాళ్ళకి సిగ్నల్. మీరూ ఎత్తండి, సడన్‌గా ఆగి ఎవరిచేతా తిట్లు తినొద్దు.

ఎప్‌కాట్‌లోకి వచ్చి ఆ పెద్ద గుండ్రటి గోళం కనిపించిందంటే ఇంక అయిపోయినట్టే. చివర్లో గాస్పెల్ గాయకుల బృందం పాడుతుంటే ఏడ్చేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఫినిష్ లైన్ మాత్రం పార్కులో కాదు, బయట పార్కింగ్ లాట్‌లో. మెడలో డొనాల్డ్ డక్ మెడల్ వేస్తారు. హాఫ్‌కి డొనాల్డ్, మర్నాడు జరిగే ఫుల్ మారథాన్‌కి మిక్కీ. రెండూ చేస్తే గూఫీ మెడల్ అదనం. 5కే, 10కే, హాఫ్, ఫుల్ నాలుగూ నాలుగు రోజుల్లో వరుసగా చేసేవాళ్ళూ ఉన్నారు. ఆ ఛాలెంజ్ పేరు డోపీ, మొత్తం 48.6 మైళ్ళు. పేరు పెట్టినవాళ్ళకి మొహమాటం లేదు.

ఆ మెడల్ విలువెంతో తెలియాలంటే 2017 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జనవరి 7న పిడుగుల భయంతో హాఫ్ మారథాన్‌నే రద్దు చేశారు. నెలల తరబడి ప్రాక్టీస్ చేసి, విమానాలెక్కి వచ్చినవాళ్ళు హోటళ్ళలో ఇరుక్కుపోయారు. పరిగెత్తకపోయినా మెడల్ ఇస్తామన్నారు నిర్వాహకులు. అయినా వాన తగ్గాక చాలామంది బిబ్ పెట్టుకుని హోటల్ చుట్టూనే రౌండ్లు కొట్టి 13.1 మైళ్ళు పూర్తిచేశారు. పక్కన నిలబడి నీళ్ళిచ్చింది తోటి అతిథులే. పాత్రలు లేవు, కోట లేదు, ఫొటో క్యూలూ లేవు.

వెళ్ళాలనుకుంటే ఖర్చు సంగతి ముందే తెలుసుకోండి. ఒక్క హాఫ్ ఎంట్రీ ఫీజే 200 డాలర్ల పైమాట. రిజిస్ట్రేషన్ నెలల ముందు తెరుస్తారు, ఆన్‌లైన్ క్యూలో నిలబడాలి, త్వరగా అయిపోతుంది. మీరు వెళ్ళలేకపోతే డబ్బు వాపసు రాదు, బిబ్ ఫ్రెండ్‌కి ఇవ్వడం కుదరదు. కొన్ని చారిటీ సంస్థల దగ్గర ఎంట్రీలు ఉంటాయి కానీ వాళ్ళ కోసం విరాళాలు సేకరించి పెట్టాలి. హాఫ్‌కి కనీసం 14 ఏళ్ళుండాలి. బిబ్ రేసు రోజు ఇవ్వరు, ముందే ఎక్స్‌పోకి ఐడీతో మీరే వెళ్ళి తీసుకోవాలి. వేషం వేసుకోవచ్చు, పెద్దవాళ్ళు మొహం కప్పే మాస్కు పెట్టుకోకూడదు, బట్టలు నేలమీద ఈడ్చుకోకూడదు. సెల్ఫీ స్టిక్ వద్దు, పార్కుల్లో నిషేధం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కోట దాకా ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే మంచిది.

ఇంకో మాట. మర్నాడంతా పార్కుల్లో మెడల్ వేసుకుని తిరగడం అక్కడి ఆచారం. మెట్లు దిగుతూ మూలిగేవాళ్ళని, రెయిలింగ్ పట్టుకుని పక్కకి పక్కకి నడిచేవాళ్ళని చూసి ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకుంటారు. కాకపోతే రేసు ఫీజులో పార్కు టికెట్ ఉండదు. కొద్దిసేపటి క్రితం ఎప్‌కాట్ మధ్యలోంచి పరిగెత్తుకుంటూ వచ్చినా సరే, స్నానం చేసి మళ్ళీ గేటు దగ్గరికి వెళ్తే టికెట్ చూపించమంటారు.