బొమ్మలో లేని గొంతుక

సూపర్‌హీరో చిత్రాలలో నటించేవారి కష్టం మరే పాత్రధారికీ ఉండదేమోనని నాకు చాలాకాలంగా ఒక అనుమానం. సాంఘిక చిత్రంలో కథానాయకుడు ఎలా ఉంటాడో ప్రేక్షకుడికి ముందుగా తెలియదు. తెర మీద ఎవరు కనిపిస్తే వారినే ఆ పాత్రగా ఒప్పుకుంటాడు. ఇక్కడ అలా కుదరదు. పదేళ్ళ వయసులో బొమ్మల పుస్తకంలో చూసిన ముఖం, దవడ, భుజాలు, అంగీ రంగు అన్నీ అభిమాని మనసులో అచ్చుపడిపోయి ఉంటాయి. నటుడి పేరు ప్రకటించిన మరుక్షణం అతణ్ణి ఆ అచ్చు పక్కన నిలబెట్టి కొలుస్తారు. కొలతలో తేడా వచ్చిందా, ఒక్క అడుగు ఫిల్ము తిరగకముందే తీర్పు వెలువడుతుంది.

ఇటువంటి తీర్పుల చరిత్రలో బాట్‌మన్‌ది ఒక ప్రత్యేకాధ్యాయం. 1939లో పుట్టిన ఈ గబ్బిలం వేషగాడి పాత్రకు 1988లో మైకేల్ కీటన్‌ను ఎంపిక చేశారు. కీటన్‌కు అప్పటికి హాస్యనటుడిగానే ఎక్కువ పేరు. ‘మిస్టర్ మామ్’లో (1983) ఉద్యోగం పోయి ఇంటిపట్టున పిల్లల్ని సాకే తండ్రి, ‘బీటిల్‌జూస్’లో (1988) వెకిలిచేష్టల భూతం. ఎత్తు సామాన్యం, జుట్టు పలచన. అంతర్జాలం ఇంటింటికీ రాని కాలం కనుక అభిమానులు తమ కోపాన్ని కాగితం మీద పెట్టారు. వార్నర్ బ్రదర్స్ సంస్థకు 50,000 దాకా ఉత్తరాలు వెళ్ళాయని చెబుతారు.

ఆ కోపాన్ని నేను తేలికగా కొట్టిపారేయలేను. 1966 నాటి టెలివిజన్ ధారావాహిక బాట్‌మన్‌ను ఒక వేడుకగా, వేళాకోళంగా మార్చివేసింది. ఆ ముద్ర చెరపడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1986లో ఫ్రాంక్ మిల్లర్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ వచ్చాక గానీ ఆ పాత్రలోని చీకటికి తగిన గౌరవం దక్కలేదు. అంతలోనే హాస్యనటుడి పేరు వినిపిస్తే, చేతికందిన గౌరవం జారిపోతోందని అభిమాని భయపడడంలో వింతేముంది? ప్రేమించినదాన్ని మళ్ళీ నవ్వులపాలు చేస్తారన్న బెంగ అది.

దర్శకుడు టిమ్ బర్టన్ ఆలోచన వేరు. కండలు తిరిగిన వస్తాదుకు గబ్బిలం వేషంతో పనేమిటన్నది ఆయన వాదం. లోపల ఏదో విరిగినవాడికే ఆ ముసుగు కావాలి. చిత్రం విడుదలయ్యాక (1989) ఆ మాటకు అర్థం తెలిసింది. ఆ రబ్బరు కవచంలో కీటన్‌కు మెడ తిప్పే వీలు లేదు. ఎటు చూడాలన్నా మొత్తం మొండెం తిప్పవలసిందే. ఆ అసౌకర్యమే పాత్రకు ఒక విగ్రహపు బిగువు తెచ్చిపెట్టింది. ముసుగు లేనప్పటి నటన నాకు ఇంకా ఇష్టం. తానెవరో చెప్పుకుందామని బ్రూస్ వేన్ ఆ పత్రికా ఛాయాగ్రాహకురాలి ఇంటికి వెళతాడు. మాట పెదవిదాకా వస్తుంది, తడబడుతుంది, వెనక్కి పోతుంది. ఆ తడబాటు ఏ పుస్తకం అట్ట మీదా లేదు. ఉత్తరాలు రాసినవారిలో ఒక్కరైనా దాన్ని కోరి ఉండరు. కోరడానికి అదొకటి ఉంటుందని ఎవరికి తెలుసు కనుక!

నా ఆలోచనంతా ఇక్కడే తిరుగుతుంది. బొమ్మకు రూపం ఉంటుంది. గొంతు, నడక, ఊపిరి ఉండవు. ఒక గడికీ మరొక గడికీ మధ్య ఖాళీలో ఏం జరుగుతుందో చిత్రకారుడు గీయడు. నటుడి పని మొదలయ్యేది ఆ ఖాళీలో. అభిమాని కొలిచేది గడిలో ఉన్నదాన్ని.

‘సూపర్‌మన్’ (1978) చిత్రంలో క్రిస్టఫర్ రీవ్ చేసిన ఒక చిన్న ఘట్టం ఉంది. లోయిస్ లేన్ పక్కగదిలో ఉండగా క్లార్క్ కెంట్ కళ్ళజోడు తీస్తాడు. వంగిన వెన్ను నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు దిగుతుంది. చెప్పేద్దామనుకున్నవాడు మనసు మార్చుకుని మళ్ళీ జోడు పెట్టుకోగానే ఆ మనిషి మన కళ్ళ ముందే కుంచించుకుపోతాడు. జోడు పెట్టుకుంటే గుర్తుపట్టలేరా అని బొమ్మల పుస్తకాన్ని ఏళ్ళ తరబడి ఎగతాళి చేసినవారికి ఆ కొద్ది క్షణాలే సమాధానం. మనకు ఇది బాగా తెలిసిన విద్యే. ‘మాయాబజార్’లో (1957) శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి నటించిన తీరు గుర్తు తెచ్చుకోండి. ముఖం శశిరేఖదే, అలంకరణ శశిరేఖదే. ఆ నడకలో, ఆ చూపులో ఉన్నది మాత్రం ఎస్.వి. రంగారావు. పోలికలు కొలిచే బద్దతో దాన్ని ఎలా కొలుస్తాం?

ఇక హీత్ లెడ్జర్. 2006లో క్రిస్టఫర్ నోలన్ అతణ్ణి జోకర్ పాత్రకు తీసుకుంటున్నట్టు తెలిసినప్పుడు వెల్లువెత్తిన హేళన తక్కువది కాదు. ప్రేమకథల కుర్రవాడన్నారు. ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’లో (2005) అతను ఎంతో సంయమనంతో పోషించిన పాత్రనే మోటు హాస్యానికి సరుకు చేసుకున్నారు. జోకర్ ముఖానికి కేవలం రంగు పూశారని తెలిశాక మరో అభ్యంతరం మొదలైంది. బొమ్మల పుస్తకంలో రసాయనాల తొట్టిలో పడి చర్మమే తెల్లబారుతుంది కదా!

2008లో హైదరాబాదు ప్రసాద్స్ పెద్దతెర మీద ‘ది డార్క్ నైట్’ చూస్తూ నేను గమనించింది ఆ రంగునే. చెమటకు కారి, ముడతల్లో పగిలి, పూట పూటకూ మారిపోయే రంగు. తనను తాను రోజూ కొత్తగా పూసుకునే మనిషి అతను. నోటి మీది గాట్ల గురించి ఇద్దరికి రెండు కథలు చెబుతాడు. బహుశా రెండూ అబద్ధాలే. చెబుతున్నంతసేపూ మాత్రం ఆ కళ్ళలో నిజంగా జరిగినవాటి బాధ ఉంటుంది. ఉన్నట్టుండి నాలుక పెదవి మూలకు పోతుంది. గొంతు ఒకే వాక్యంలో పైకెక్కి కిందికి జారుతుంది. నర్సు వేషంలో ఆసుపత్రి నుంచి నడిచి వచ్చేటప్పుడు నా చుట్టూ ఉన్నవారు నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. అలా ఆపగలగడం చిన్న విషయమా?

మరొక విశేషం. 1940లో మొదటిసారి అచ్చయిన జోకర్ ముఖానికే ఒక నటుడు మూలం. విక్టర్ హ్యూగో నవల ఆధారంగా 1928లో వచ్చిన ‘ది మాన్ హూ లాఫ్స్’ అనే మూకీచిత్రంలో కాన్రాడ్ ఫైట్ చెరగని నవ్వు చెక్కిన ముఖంతో కనిపిస్తాడు. ఆ ఛాయాచిత్రం చూసే జోకర్ రూపం గీశారు. ఏ బొమ్మకు ద్రోహం జరిగిందని అభిమానులు బాధపడ్డారో, ఆ బొమ్మే ఒకనాటి నటన వదిలివెళ్ళిన నీడ.

ఇంత చెప్పి, శంకించిన ప్రతివాడూ పొరబడ్డాడని తేల్చడం అన్యాయం. 1997 నాటి ‘బాట్‌మన్ అండ్ రాబిన్’ చూసి నిరాశపడ్డవారి నిరాశ సరైనదే. అందులో కథానాయకుడైన జార్జ్ క్లూనీయే తరువాత పలుమార్లు క్షమాపణ చెప్పుకున్నాడు. లెడ్జర్ పేరు చూపి ఇక ఎవరూ నోరెత్తకూడదనడం కూడా ఒక దబాయింపే. పైగా ఒకనాటి ఆశ్చర్యమే మరునాటికి కొత్త కొలబద్ద అవుతుంది. 2016లో జారెడ్ లెటో, 2019లో హాకిన్ ఫీనిక్స్ జోకర్లుగా వచ్చినప్పుడు వారిని కొలిచింది పుస్తకంలోని బొమ్మతో కాదు, లెడ్జర్‌తో.

నన్ను అన్నిటికన్నా నొప్పించేది వేరే ఉంది. ఆ పాత్రే లెడ్జర్‌ను మింగేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 2008 జనవరి 22న, 28 ఏళ్ళ వయసులో, వైద్యులు రాసిచ్చే మందులే కొన్ని పొరపాటున కలగలిసి అతని ప్రాణం తీశాయి. అప్పటికి జోకర్ చిత్రీకరణ ముగిసి, టెర్రీ గిలియమ్ దర్శకత్వంలో మరో చిత్రంలో నటిస్తున్నాడు. ఆ పాత్రను అతను ఎంతో ఆనందంగా చేశాడని కుటుంబసభ్యులే చెప్పారు. అయినా ఆ కథ చావదు. మొదట అతనికి నటన చేతకాదన్నారు. తరువాత అది నటన కాదు, ఉన్మాదమన్నారు. రెండుసార్లూ అతని శ్రమను చూడలేదు.

జులైలో చిత్రం విడుదలైంది. 2009 ఫిబ్రవరిలో ఉత్తమ సహాయనటుడి ఆస్కారును అతని తల్లిదండ్రులు, సోదరి అందుకున్నారు. ఎగతాళి విన్నవాడికి చప్పట్లు వినే అవకాశం లేకపోయింది. అందుకే కొత్త నటుడి పేరు బయటికి వచ్చి కొలతలు మొదలైనప్పుడల్లా నాకు ఈ వరస గుర్తొస్తుంది. నచ్చకపోతే నచ్చలేదనే హక్కు మనకు ఎప్పుడూ ఉంది. అది చూశాక కూడా ఎక్కడికీ పోదు. చూడకముందు మాట్లాడేటప్పుడు మాత్రం, అవతలివాడు మన మాట వింటున్నాడని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ముందు వద్దనిపించి, చూశాక మరొకరిని ఊహించుకోలేకపోయిన నటీనటులు మీకూ ఉండే ఉంటారు. ఎవరో చెప్పండి, తెలుసుకోవాలని ఉంది.