కలబందలోని రెండు రసములు

కలబంద తెలుగువారి వాకిళ్లకు క్రొత్తది కాదు. దిష్టి తగులకుండుటకై గుమ్మమునకు తలక్రిందుగా వ్రేలాడదీసినను, మన్ను లేకయే అది చాలదినములు పచ్చగా నుండును. మట్టలలో నిలువచేసికొన్న నీరే అందులకు కారణము. సంస్కృత వైద్యగ్రంథములు దీనిని కుమారి యనియు, ఘృతకుమారి యనియు పేర్కొనినవి. మలాయివారు 'లిదా బువాయా', అనగా మొసలినాలుక, యందురు.

నేటి మలేసియా దేశమందలి పేరాక్ రాష్ట్రమున, బాగన్ దాతు ప్రాంతపు కొబ్బరితోటలకు తెలుగువారు కూలిపనికై వచ్చిరి. అట్టి తోటలలో నొకదాని లైను ఇండ్లయందు ఒక వృద్ధురాలు కాపురముండెను. ఆమె వాకిట పగిలిన కుండలో కలబంద పెరుగుచుండెను. గంజి వార్చునప్పుడు ఎవరికి చేయి కాలినను ఆమె యొద్దకే వచ్చెడివారు. ఆమె ముందుగా కాలినచోట చాలసేపు చల్లని నీరు పోయించెడిది. పిదప మట్ట కోసి, నిలువుగా నుంచి, పసుపుపచ్చని చేదురసము కారిపోనిచ్చి, తోలు తీసి కడిగి, లోపలి తెల్లని గుజ్జును పూసెడిది. గాయము పెద్దదైనయెడల "ఇది నా చేతిలోని పని కాదు, ఆస్పత్రికి పొండు" అని పంపివేసెడిది.

ఒకనాడు ఆమె కోడలికి మలబద్ధము కలిగెను. కోడలు అప్పటికి ఐదునెలల గర్భవతి. అత్తగారు మట్ట కోసి, ఆ చేదురసమును చిన్న గిన్నెలోనికి పట్టెను. తన తల్లి విరేచనమునకు దీనినే యిచ్చెడిదని ఆమెకు జ్ఞాపకము. అంతలో తోట ఆస్పత్రి డ్రెస్సరు ఆ దారిని వచ్చి గిన్నెను చూచెను.

"అమ్మా, మీ తల్లిగారు ఈ రసమును మరి దేనికి వాడెడివారు?" అని యడిగెను.

"ముట్టు నిలిచిన ఆడువారికి, అది వచ్చుటకై యిచ్చెడిది, నాయనా" అని చెప్పుచునే ఆమె నోట మాట నిలిచిపోయెను. కోడలివైపు చూచెను. లేచి గిన్నెను కాలువలో పారబోసెను.

"అత్తా, మరి నాకేమి మందు?" అని కోడలు అడుగగా, నీరు హెచ్చుగా త్రాగుమనియు, ఆకుకూరలును పండ్లును తినుమనియు, తగ్గనియెడల ఆస్పత్రికి రమ్మనియు డ్రెస్సరు చెప్పెను.

ఒకే మట్టలో రెండు రసములు గలవు. తోలు క్రింద నుండు పసుపుపచ్చని రసము ఎండి గట్టిపడినదే మూసాంబరము. అందలి అలోయిన్ అను పదార్థము పెద్దప్రేగును రేపి విరేచనము కలిగించును. మోతాదు మీరినయెడల కడుపునొప్పియు నీళ్ల విరేచనములును కలిగి, దేహమందలి నీరును లవణములును పోవును. గర్భవతులును, పాలిచ్చు తల్లులును, చిన్నబిడ్డలును దీనిని పుచ్చుకొనరాదు. వైద్యుని చీటి లేకుండ అమ్ము విరేచన మందులలో దీనిని వాడగూడదని అమెరికా ప్రభుత్వము 2002వ సంవత్సరమున నిర్ణయించెను. లోపలి గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. చిన్న కాలుడు గాయములకు అది చలువనిచ్చును.

నెలలు నిండి కోడలు సుఖముగా ఆడుబిడ్డను కనెను. వృద్ధురాలు కలబందను పెరికివేయలేదు. కోడలికి మట్ట కోయుట నేర్పునప్పుడు మొదట చూపినది ఆ పసుపు చుక్కలనే. పెద్దల వైద్యమును నిలుపుకొనగోరువారు, వారు చెప్పిన మేలుతోపాటు వారెరిగిన కీడును గూడ జ్ఞాపకముంచుకొనవలెను.