నడుము ఎవరిది?

నాకు బెల్లీ డాన్స్ ఇష్టం. రెండేళ్లుగా నేర్చుకుంటున్న. స్టేజీ కోసం కాదు, పోటీల కోసం కాదు, నా సంతోషం కోసమే. గద్వాలలో నాకు దొరికిన గురువు యూట్యూబే. సాయంత్రం జవాబు పత్రాలు పక్కన పెట్టి, తలుపేసుకొని, నడుముకు చున్నీ బిగించి అరగంట ఆడుత. ఈ సంగతి చెప్తే కొందరు మిత్రులు నవ్విండ్రు. "తెలుగుల పీహెచ్‌డీ చేసిన మేడం, ఇదేం పని?" అన్నరు. అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్న.

ఈ ఆటలో మొదటి పాఠం, ఒంట్లో ఒక్కో భాగాన్ని విడిగా కదిలించడం. నడుము తిరుగుతుంటది, భుజాలు కదలొద్దు. తుంటితో గాలిలో ఎనిమిది అంకె గీయాలె. మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు వదులు చేసి నడుమును సన్నగా వణికిస్తే దాన్ని షిమ్మీ అంటరు. పొద్దంత నిలబడి పాఠం చెప్పి బిగుసుకపోయిన నడుము అప్పుడు తేలికైతది. వెనక దర్బుకా మీద మక్సూమ్ దరువు నడుస్తుంటది: దుమ్ తెక్, తెక్ దుమ్, తెక్. సిర్ర, సిటికెన పుల్ల చప్పుడు వింటూ పెరిగిన కాళ్లకు ఆ దరువు పరాయిదనిపించలేదు.

మా అమ్మ మాత్రం నవ్వలేదు, భయపడ్డది. "మల్ల ఆ ఆట మనింట్లకు ఎందుకు బిడ్డా?" అన్నది.

అమ్మ భయానికి కారణముంది. వనపర్తి దిక్కు ఊర్లో ఆమె చిన్నమ్మను ఎల్లమ్మ పేరున జోగినిని చేసిండ్రు. జాతరలో ఆడాలె, పెద్దోళ్ల శవం ముందు ఆడాలె. ఎప్పుడు ఆడాలె, ఎవరి ముందు ఆడాలె అన్నది ఊరు చెప్పేది. "ఈ రోజు ఆడను" అనే హక్కు ఆమెకు లేదు. పాలమూరులో ఇట్ల బలైనోళ్లు ఎక్కువగా మాల, మాదిగ ఆడబిడ్డలే. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది. ఆ చట్టం కావాల్సిందే. అయితే పోవాల్సింది బలవంతం. ఆట ఏం పాపం చేసింది?

ఈజిప్టు కథ కూడా చూడండి. 1834లో మహమ్మద్ అలీ పాషా నాట్యకత్తెలను కైరో నుంచి వెళ్లగొట్టిండు. 1926లో బదియా మసాబ్ని అదే కైరోలో తన క్లబ్బు తెరిచింది. అక్కడ ఆడిన తహియా కరియోకా గురించి ఎడ్వర్డ్ సయీద్ అంతటి మేధావి గౌరవంగా వ్యాసం రాసిండు. మన దక్షిణాదిలో సదిర్ భరతనాట్యమైంది. రుక్మిణీదేవి అరుండేల్ 1936లో కళాక్షేత్రం పెట్టింది. 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆట పెద్దిండ్లకు చేరింది, గౌరవం దాని వెంటే పోయింది. మచ్చ మాత్రం తరతరాలుగా ఆడినోళ్ల దగ్గరే మిగిలింది.

మన ఉద్యమంలో కూడా ఒక మాట మాట్లాడుకోవాలె. సభలో ఆడబిడ్డ డప్పు కొట్టి ఆడితే చప్పట్లు కొడ్తం. అది పోరాటం కాబట్టి. అదే బిడ్డ ఏ నినాదం లేకుండా, ఉత్త సంతోషానికి ఆడితే మనకు ఇబ్బంది ఎందుకు? మన బతుకులో ప్రతిదీ దేనికో ఒకదానికి పనికి రావాల్నా? తీరిక, సరదా పెద్ద కులాల ఆస్తి కాదు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక హాస్టల్ అమ్మాయి అడిగింది: "ఆడితే ఇజ్జత్ పోదా మేడం?" నేను మూడు ప్రశ్నలు చెప్పిన. నిన్ను ఎవరు ఆడమన్నరు? ఎవరి కోసం ఆడుతున్నవు? వద్దనుకుంటే ఆపగలవా? మా చిన్నమ్మమ్మకు ఈ మూడింటికీ జవాబు ఊరి చేతిలో ఉండె. నా జవాబులు నా చేతిలో ఉన్నయి. చెల్లెళ్లారా, మీ జవాబులు మీరే చెప్పాలె. కింద రాయండి, మాట్లాడుకుందాం.

జై భీమ్.